అద్దంలో ఒకరు, కెమెరా వెనక ఇంకొకరు

సుమారు 1928లో తీసిన ఫొటో అది. గోడకి అద్దం, దాన్ని ఆనుకున్నట్టుగా గళ్ల కోటు వేసుకున్న ఒక మనిషి. జుట్టు మగపిల్లల క్రాపు కంటే పొట్టిగా ఉంది, రంగంతా పోయేలా తెల్లబరిచి ఉంది. కోటు కాలరు పైకెత్తి చేత్తో పట్టుకున్నారు. అద్దం ముందు నిలబడితే ఎవరి చూపైనా అద్దంలోకే పోతుంది. ఈ మనిషి చూపు అటు పోలేదు, మొహం ఇటు తిప్పి తిన్నగా మనకేసి చూస్తున్నారు. అద్దంలోని మొహం మాత్రం మనల్ని పట్టించుకోకుండా ఎటో చూస్తోంది. ఇటువైపు కాలరు దాచిన మెడ, అద్దంలో బయటపడింది.

ఈ ఫొటో కింద తెలుగులో ఒక వాక్యం రాద్దామని కూర్చుంటే కలం కదల్లేదు. ‘అద్దం పక్కన నిలబడి కెమెరాకేసి’ దాకా బాగానే వచ్చింది. ఆ తర్వాత? చూస్తున్నాడా, చూస్తోందా? ఏకవచనంలో మన క్రియ, లింగం తేల్చుకోనిదే వాక్యాన్ని ముగియనివ్వదు. ఆడమనిషికీ, పిల్లికీ, రైలుబండికీ కలిపి ‘వచ్చింది’ అంటాం, మగవాడికి ఒక్కడికే ‘వచ్చాడు’ అని వేరే కుర్చీ వేస్తాం. చిన్నయసూరి 1858 నాటి ‘బాలవ్యాకరణం’లో మహత్తు, అమహత్తు అని విడదీసి చెప్పింది ఈ ఏర్పాటునే. అయితే బహువచనానికి వచ్చేసరికి ఆ గోడ కూలిపోతుంది. ఆడవాళ్లొచ్చినా మగవాళ్లొచ్చినా ‘వచ్చారు’ అనే అంటాం. పెద్దల్ని మన్నించడానికి వాడే మాట కూడా అదే. అందుకని ‘చూస్తున్నారు’ అని రాశాను. ఈ వ్యాసం చివరిదాకా ఆ ‘రు’నే పట్టుకుని నడుస్తాను. అది మర్యాద కోసమేనని మొదట్లో అనుకున్నాను. రాస్తూ పోతే ఇంకోటి బయటపడింది, దాని సంగతి దాని చోట చెబుతాను.

ఫొటోలో ఉన్నది క్లోద్ కాహున్. 1894 అక్టోబరు 25న ఫ్రాన్సులోని నాంత్ పట్నంలో పుట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు లూసీ ష్వోబ్. తండ్రి మోరిస్ ష్వోబ్ ఆ ఊళ్లో దినపత్రిక యజమాని. పినతండ్రి మార్సెల్ ష్వోబ్ పేరున్న రచయిత. తండ్రివైపు వాళ్లు యూదులు. సైన్యాధికారి డ్రెఫ్యూస్ మీద దేశద్రోహం మోపిన కేసుతో ఫ్రాన్సంతా యూదుద్వేషం ముదిరిన రోజులు కావడంతో బడిలో వేధింపులు పడలేక కొంతకాలం ఇంగ్లండులో చదువుకున్నారు. తల్లి మనోవ్యాధితో ఆసుపత్రుల పాలైతే నాయనమ్మ పెంచింది. ఆ నాయనమ్మ పుట్టింటి పేరే కాహున్. క్లోద్ అన్నది ఫ్రెంచిలో ఆడవాళ్లకీ మగవాళ్లకీ పెట్టే పేరు, మనకి కిరణ్ ఉన్నట్టు. పేరు వింటే మనిషి ఎవరో తేలదు. ఆ తేలకపోవడం కోసమే ఇరవై ఏళ్ల ప్రాయంలో ఆ పేరు ఎంచుకున్నారు.

1909లో సుజాన్ మలెర్బ్ పరిచయమయ్యారు. ఆ పరిచయం ప్రేమగా మారి, చావు విడదీసేదాకా నిలిచింది. బొమ్మలు గీసే సుజాన్ కూడా మార్సెల్ మూర్ అని మగ పేరు పెట్టుకున్నారు. 1917లో క్లోద్ తండ్రి, విధవరాలైన సుజాన్ తల్లిని పెళ్లి చేసుకున్నాడు. అలా ప్రేమికులు కాస్తా లోకం దృష్టిలో అక్కచెల్లెళ్లయ్యారు. ఒకే ఇంట్లో బతకడానికి ఇంతకంటే మంచి అడ్డు దొరకదు. 1920ల మొదట్లో ఇద్దరూ పారిస్ చేరారు.

అప్పటి పారిస్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. 1922లో విక్టర్ మార్గరిత్ రాసిన ‘లా గార్సోన్’ నవల సంచలనమైంది. అందులో నాయికలా జుట్టు కత్తిరించుకోవడం ఫ్యాషనైంది. అయినా ఆడవాళ్లు ప్యాంటు వేసుకోవాలంటే పోలీసు అనుమతి కావాలన్న 1800 నాటి ఉత్తర్వు కాగితం మీద అలాగే ఉంది. అది చెల్లదని ఫ్రాన్సు ప్రభుత్వం స్పష్టంగా చెప్పింది 2013లో. ఆడవాళ్లకి ఓటు హక్కు వచ్చింది 1944లో. అలాంటి ఊళ్లో క్లోద్ జుట్టు కత్తిరించుకుని ఆగలేదు, గుండు చేయించుకున్నారు. 1920 ప్రాంతంలో ఆ గుండుతో, పక్కకి తిరిగి కూర్చుని దిగిన ఫొటో ఒకటుంది. ముక్కు, గడ్డం గీత గీసినట్టు కనిపిస్తాయి. తండ్రి మోరిస్ అచ్చం అదే భంగిమలో దిగిన ఫొటో ఒకటుందని పరిశోధకులు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించారు. ఇందులో నాకు కనిపించేది ఫ్యాషన్ కాదు. కూతురు తండ్రి మొహాన్ని తన మొహం మీద వెతుక్కుంటోంది. బడిలో ఏ ముక్కును చూసి యూదు అని వెక్కిరించారో ఆ ముక్కునే ముందుకు పెడుతోంది. (చూశారా, ‘వెతుక్కుంటోంది’ అని రాసేశాను. ‘కూతురు’ అన్న మాట క్రియను తన వెంట లాక్కుపోయింది. అలాగే ఉంచుతున్నాను.)

ఈ ఫొటోలు ఇన్నాళ్లకి ప్రపంచానికి ఎందుకు కావలసి వచ్చాయన్న ప్రశ్నకి 1990ల పరిశోధన ఒక జవాబిచ్చింది. ఫ్రాన్సువా లెపెర్లియే 1992లో క్లోద్ జీవితచరిత్ర వేశారు. 1995లో పారిస్ ఆధునిక కళా మ్యూజియంలో పెద్ద ప్రదర్శన జరిగింది. దానికి కొంచెం ముందు, 1990లో, జుడిత్ బట్లర్ ‘జెండర్ ట్రబుల్’ వచ్చింది. ఆడతనం, మగతనం లోపలి నుంచి పొంగుకొచ్చేవి కావు, రోజూ చేస్తూ చేస్తూ నిజమనిపించేవి అన్నది స్థూలంగా ఆ పుస్తకం వాదం. అంతకుముందే, 1929లో, మానసిక విశ్లేషకురాలు జోన్ రివియేర్ స్త్రీత్వమే ఒక వేషం అని వ్యాసం రాసి ఉన్నారు. క్లోద్ ఫొటోలు ఈ వాదానికి కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. కళాచరిత్ర విద్యార్థులందరికీ ఆ పేరు అలా తెలిసింది.

ఆ వాదానికి అందరూ చూపించే ఫొటో సుమారు 1927 నాటిది. బరువులెత్తే పహిల్వాను వేషం. ఒళ్లో డంబెల్, దాని గుండ్ల మీద అక్షరాలు. నుదుటి మీద అతికించినట్టు వంకీలు తిరిగిన రెండు ముంగురులు. రెండు చెంపల మీదా రంగుతో దిద్దిన గుండె గుర్తులు. పెదవులు బొమ్మ పెదవుల్లా చిన్నగా దిద్దారు. తెల్ల బనీను మీద చనుమొనల చోట రెండు చుక్కలు పెట్టి, ‘శిక్షణలో ఉన్నాను, ముద్దు పెట్టొద్దు’ అని ఇంగ్లిషులో రాసుకున్నారు. కాలు మీద కాలు వేసుకున్న తీరు పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టుంటుంది. కండల్లేని పహిల్వాను, ముద్దొద్దనే బొమ్మ. ఇందులో మగతనం ఎంత అరువుదో ఆడతనమూ అంతే అరువుది. ఆ రెంటి కిందా అసలు మొహమేదో ఉంది, ముసుగు తీస్తే దొరుకుతుంది అన్న ఆశకి ఫొటో చోటివ్వదు.

మాటల్లోనూ ఇదే పని చేశారు. 1930లో ‘అవో నోనావ్‌న్యు’ అనే పుస్తకం అచ్చయింది. ‘చెల్లని ఒప్పుకోళ్లు’ అని తెలుగు చెయ్యొచ్చు, చెల్లని నోటు అన్నట్టుగా. ఆత్మకథ అనుకుని తెరిస్తే ఉత్తరాలు, కలలు, సంభాషణలు, ముక్కలు ముక్కలుగా ఎదురవుతాయి. తను మగా ఆడా అన్నది సందర్భాన్ని బట్టి మారుతుందని, ఎప్పుడూ నప్పేది నపుంసకలింగమేనని క్లోద్ ఆ పుస్తకంలో అంటారు. ఫ్రెంచి వ్యాకరణంలో నామవాచకాలకి నపుంసకలింగం లేదు. బల్ల ఆడది, పుస్తకం మగది. అంటే తన భాషలో లేని గదిలో కాపురం ఉంటానంటున్నారు. ఈ మాటను ఇంగ్లిషువాళ్లు ‘నాన్-బైనరీ’ అన్న నేటి మాటకి ముత్తాతగా చూస్తున్నారు. కొందరు ‘షీ’ మానేసి ‘దే’ అని రాస్తున్నారు. మరికొందరు పరిశోధకులు ఒప్పుకోరు. క్లోద్ తన గురించి రాసుకున్నప్పుడు స్త్రీలింగం వాడిన చోట్లు బోలెడున్నాయని, నేటి మాటను నిన్నటి మనిషికి తొడగకూడదని వాళ్ల అభ్యంతరం. అభ్యంతరంలో న్యాయముంది. ఆ కాలంలో చలామణీ అయిన మాటలు ‘మూడో లింగం’, ‘విలోమం’ లాంటివి. హేవ్‌లాక్ ఎల్లిస్ లాంటి లైంగికశాస్త్రజ్ఞుల పుస్తకాల్లోంచి వచ్చిన మాటలు అవి. ఎల్లిస్‌ను ఫ్రెంచిలోకి అనువదించినవాళ్లలో క్లోద్ ఒకరు. ఆ మాటలన్నీ చదివి, అనువదించి కూడా వాటిలో ఏదీ తన పేరుగా పెట్టుకోలేదు. అందుకని మనం కూడా కొత్త చీటీ అంటించే ముందు ఆగడం మంచిదని నేననుకుంటాను. ‘రు’ దగ్గర ఆగడంలో ఉన్న సుఖం అదే. అది ఎవరికీ ఏ చీటీ అంటించదు.

ముసుగు వాదంతో నాకున్న పేచీ వేరు. అది ఈ ఫొటోల్లో మనిషిని ఒంటరిని చేసేస్తుంది. గదిలో తలుపేసుకుని, అద్దం ముందు తనెవరో వెతుక్కునే ఒక్క మనిషి. ‘స్వీయచిత్రం’ అన్న మాటే ఆ బొమ్మ కట్టిస్తుంది. కానీ ఫొటో తీసిందెవరు?

ఇదే ఈ రంగంలో ఇప్పటికీ తెగని తగువు. కొన్ని ఫొటోల్లో నేల మీద, మనిషికి ముందు, కెమెరా పట్టుకున్నవాళ్ల తల నీడ పడి ఉంటుంది. బట్టలు మార్చుకుని, రంగు వేసుకుని, భంగిమ పట్టి, మళ్లీ లేచొచ్చి మీట నొక్కడం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. తిర్జా లాటిమర్ లాంటి పరిశోధకులు ఈ నీడ పట్టుకుని, ఇవి క్లోద్ స్వీయచిత్రాలు కావు, ఇద్దరి ఉమ్మడి పని అన్నారు. 1930 పుస్తకంలో ఫొటోలు కత్తిరించి అతికించిన మాంటేజీలున్నాయి. కళ్లు, చేతులు, పెదవులు, ఒకే మెడ మీద వరసగా మొలిచిన మొహాలు. వాటిని రచయిత ఊహల ప్రకారం మూర్ కూర్చారని ఆ పుస్తకమే చెబుతుంది. రెండో పక్షం వాళ్లు ఊహ క్లోద్‌ది, మూర్ మీట నొక్కారు, అంతే అంటారు.

దీనికి పక్కన ఇంకో ఫొటో పెట్టి చూడండి. 1920-21ల్లో కళాకారుడు మార్సెల్ ద్యుషాఁ టోపీ, బొచ్చు కాలరు పెట్టుకుని రోజ్ సెలావీ అనే ఆడమనిషిగా దిగాడు. ఆ ఫొటోలు తీసింది మాన్ రే. వేషం ద్యుషాఁది, ఊహా ద్యుషాఁదే. అయినా ఏ మ్యూజియంలో చూసినా వాటి కింద మాన్ రే పేరుంటుంది. ఎవరూ వాటిని ద్యుషాఁ ‘స్వీయచిత్రాలు’ అనరు. ఇద్దరు మగ స్నేహితుల మధ్య కెమెరా పట్టుకున్నవాడు కళాకారుడయ్యాడు. ఇద్దరు ప్రేమికుల మధ్య కెమెరా పట్టుకున్న మనిషి నీడగా మిగిలిపోయారు. ఇది న్యాయం కాదు. అప్పట్లో వాళ్ల ఇంట్లోవాళ్లు, బయటివాళ్లు ఆ బంధాన్ని చూడనట్టే ఊరుకున్నారు. మనం పేరు రాయకపోవడమంటే ఆ చూడకపోవడాన్ని కొనసాగించడమే.

నా ‘రు’లో ఇంకోటి బయటపడిందన్నది ఇక్కడే. ‘ఈ ఫొటోలు తీశారు’ అని తెలుగులో రాస్తే ఒక్కర్ని మన్నించినట్టూ అవుతుంది, ఇద్దర్ని లెక్కపెట్టినట్టూ అవుతుంది. ఆడా మగా అన్న తగువుకీ, ఒకరా ఇద్దరా అన్న తగువుకీ ఒక్క అక్షరమే చాలింది. మీట నొక్కుతున్న మనిషి కళ్లల్లో తను ఎలా కనబడుతున్నారో తెలిసినవాళ్లు పట్టే భంగిమలివి. బనీను మీద ‘ముద్దు పెట్టొద్దు’ అని రాసుకున్నది ఎవరు చదవాలని? ఎదురుగా నిలబడ్డ మూర్ చదవాలని. సిద్ధాంతం కంటే ముందు అందులో ఇద్దరి మధ్య చనువుంది. మగా ఆడా కాకుండా బతకడానికి క్లోద్‌కి ధైర్యం ఒక్కటే సరిపోలేదు, అలా బతుకుతుంటే ప్రేమగా చూసే ఒక జత కళ్లు కూడా కావలసి వచ్చాయి.

మనవైపు నుంచి ఇక్కడ ఒక పోలిక తేవాలనిపిస్తుంది. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు సత్యభామగా రంగస్థలాన్ని ఏలారు. కూచిపూడిలో తరతరాలుగా మగవాళ్లే భామ వేషం కట్టారు. వేషంలో అంత ఒదుగుబాటు చూసిన జాతికి క్లోద్ కొత్తగా అనిపించకపోవచ్చు. కానీ పోలిక అంతవరకే. సత్యభామ అందరికీ తెలిసిన పాత్ర, ఎదురుగా ఊరంతా ఉంది, తెర దిగాక వేషం విప్పడానికి ఒప్పందముంది. క్లోద్ కూడా 1929లో పియేర్ అల్బేర్-బిరో నడిపిన చిన్న నాటకశాలలో ఆడ, మగ వేషాలే కాక సైతాను వేషమూ కట్టినవారే. ఇంట్లో ఫొటోలకి మాత్రం కథ లేదు, పాత్రకి పేరు లేదు, తెర దించేవాళ్లూ లేరు.

ప్రేక్షకులు కూడా లేరు. మాంటేజీల్లో ముక్కలై కలిసినవి వదిలేస్తే, బతికుండగా అచ్చయిన స్వీయచిత్రం దాదాపు ఒక్కటే. గుండు తలని సాగదీసి గుడ్డులా చేసిన ఆ ఫొటో 1930లో ‘బిఫ్యూర్’ పత్రికలో వచ్చింది. మిగతావి చిన్న చిన్న ప్రింట్లుగా, నెగెటివ్‌లుగా ఇంట్లోనే ఉండిపోయాయి. అందుకే ‘సర్రియలిస్టు స్వీయచిత్రాలు’ అన్న పేరు మీద నాకు అనుమానం. పేరుపడ్డ ఫొటోల్లో ఎక్కువ భాగం, క్లోద్ 1932లో సర్రియలిస్టుల నాయకుడు ఆంద్రే బ్రెతోఁను కలవడానికి ముందువే. కలిశాక ఆ బృందంలో వాళ్లకి తెలిసిన క్లోద్ రాజకీయ వ్యాసకర్త. కవిత్వానికీ విప్లవానికీ ఉన్న సంబంధం మీద 1934లో కరపత్రం రాశారు. 1936లో షార్ల్ రాతోఁ గ్యాలరీలో సర్రియలిస్టు వస్తువుల ప్రదర్శనకి వస్తువులు చేసిచ్చారు. ఫొటోలు వాళ్ల గోడల మీదకి ఎక్కలేదు.

ఎక్కే వాతావరణమూ లేదు. 1929 డిసెంబరులో వచ్చిన సర్రియలిస్టు పత్రికలో ఒక పేజీ చాలా ప్రసిద్ధం. మధ్యలో మాగ్రిత్ గీసిన నగ్న స్త్రీ, చుట్టూ 16 మంది మగ కవుల, చిత్రకారుల పాస్‌పోర్టు ఫొటోలు. అందరూ కళ్లు మూసుకుని ఉంటారు. స్త్రీ వాళ్ల కల. కల కళ్లు తెరిచి తిరిగి చూస్తే ఏం చెయ్యాలో వాళ్లకి తెలియదు. అంతకుముందు, 1928లో, అదే పత్రికలో అచ్చయిన లైంగిక చర్చల్లో బ్రెతోఁ స్వలింగ ప్రేమ మాట ఎత్తితేనే మండిపడ్డాడు. అయినా క్లోద్ మేధ మీద అతనికి గౌరవముండేది, ఇంకా రాయమని ప్రోత్సహించాడు. స్వప్నాన్ని విడుదల చేస్తామన్న ఉద్యమం మనుషుల్ని మాత్రం ఆడ, మగ పెట్టెల్లోనే ఉంచింది. ఆ పెట్టెలు పగలగొట్టిన పని వాళ్ల పక్కనే, ఒక ఇంటి సొరుగులో ఉంది. 1956లో పియేర్ మోలినియే బొమ్మల్ని బ్రెతోఁ ప్రదర్శించాడు. తర్వాత మోలినియే పట్టు మేజోళ్లతో, ఎత్తుమడమల చెప్పులతో తన ఒంటినే ముక్కలు చేసి అతికిన ఫొటోలు చేశాడు. అవి కోరికతో కాలిపోతుంటాయి. క్లోద్ ఫొటోల్లో ఉన్న ఆలోచన వాటిలో నాకు దొరకలేదు.

1937లో ఇద్దరూ ఇంగ్లిషు ఛానెల్‌లోని జెర్సీ దీవికి వెళ్లిపోయారు. సెయింట్ బ్రెలేడ్ సముద్రతీరంలో, చర్చి శ్మశానం పక్కనే ఇల్లు కొన్నారు. అక్కడ మళ్లీ పాత పేర్లు తగిలించుకున్నారు, పిల్లిని వెంటబెట్టుకు తిరిగే ఇద్దరు అక్కచెల్లెళ్లుగా. 1940 వేసవిలో జర్మన్లు దీవిని ఆక్రమించారు. అప్పుడు మొదలైన పనిని చాలామంది వ్యాసకర్తలు జీవితచరిత్ర కింద వేరే అధ్యాయంలో పడేస్తారు. నా దృష్టిలో అది ఈ ఫొటోల కొనసాగింపే.

రేడియోలో విన్న యుద్ధవార్తల్ని పల్చటి కాగితాల మీద టైపు చేసేవారు. మూర్‌కి జర్మన్ వచ్చు. ఆ కాగితాల్ని సిగరెట్ పెట్టెల్లో, సైనికుల కోటు జేబుల్లో, ఆగి ఉన్న కార్లలో దూర్చేవారు. కింద సంతకం: పేరులేని సైనికుడు. జర్మన్ సైన్యంలోనే ఉండి, యుద్ధంతో విసిగిపోయి, తోటివాళ్లకి రహస్యంగా రాస్తున్న ఒక మగవాడి గొంతు అది. యాభైకి దగ్గరపడిన ఒక యూదు రచయిత, బొమ్మలు గీసే ఒక ప్రేమిక కలిసి, శత్రువు యూనిఫాంలో దూరారు. ఈసారి కెమెరా లేదు, చూసేవాళ్లున్నారు. పట్టుబడితే చావే. ఇది ఇద్దరు నడివయసు ఆడవాళ్ల పని అని అధికారులకి చాలాకాలం తట్టలేదు. 1944 జూలైలో అరెస్టయ్యారు. ఇంటి సోదాలో ఎన్నో ఫొటోలు, బొమ్మలు పోయాయి. నవంబరులో మరణశిక్ష పడింది, తర్వాత రద్దయింది. 1945 మేలో దీవితో పాటే విడుదలయ్యారు.

ఆ మే నెలలోనే ఇంటి గుమ్మంలో క్లోద్ ఒక ఫొటో దిగారు. తలకి రుమాలు, ఒంటి మీద పాత కోటు. జైలు ఆరోగ్యాన్ని తినేసింది. పళ్ల మధ్య ఏదో మెరుస్తోంది. దగ్గరగా చూస్తే జర్మన్ సైనికుల టోపీకి ఉండే గద్ద బ్యాడ్జీ. దాదాపు ఇరవై ఏళ్ల కిందటి పహిల్వాను బనీను మీద అక్షరాలు రాసుకోవలసి వచ్చింది. ఇక్కడ అక్షరం లేదు, పళ్లు చాలు.

1954లో క్లోద్, 1972లో మూర్ పోయారు. సెయింట్ బ్రెలేడ్ శ్మశానంలో ఇద్దరికీ ఒకే రాయి, దాని మీద పాత పేర్లే. ఇంటి సామాన్లతో పాటు ఫొటోలు వేలంలో పోయాయి. 1990ల్లో వాటిలో ఎక్కువ భాగం జెర్సీ హెరిటేజ్ సంస్థకి చేరింది. అంటే సిండీ షెర్మన్ 1977లో సినిమా తారల వేషాల్లో తన ఫొటోలు మొదలుపెట్టేనాటికి క్లోద్ ఫొటోలు చూసే దారే లేదు. షెర్మన్‌కి క్లోద్ పూర్వీకులన్న మాట మనం తర్వాత కట్టిన వంశవృక్షం. తెలిసి అందుకున్నవారు జిలియన్ వేరింగ్. 2012లో క్లోద్ వేషంలో, చేతిలో తన మొహం ముసుగు పట్టుకుని ఫొటో చేశారు. 2017లో లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ ఇద్దర్నీ కలిపి ప్రదర్శించింది. మన దేశంలో పుష్పమాల ఎన్. 2000 నుంచి 2004 దాకా దక్షిణ భారత స్త్రీల మూసబొమ్మల్ని ఒక్కొక్కటే తన ఒంటి మీద కట్టి చూపించారు. రవివర్మ లక్ష్మి నుంచి, మానవశాస్త్రజ్ఞులు కొలబద్ద పెట్టి కొలిచిన గిరిజన స్త్రీ దాకా. ఆ పని కింద ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నీ పేరు కూడా సమానంగా ఉంటుంది. ఉండాల్సిన తీరు అది. 2018లో పారిస్ నగరం, వాళ్లు బతికిన పేటలో ఒక బాటకి క్లోద్ కాహున్, మార్సెల్ మూర్ అని రెండు పేర్లూ కలిపి పెట్టింది.

మొదట చెప్పిన అద్దం ఫొటోకి ఒక జత ఉంది. అదే అద్దం. ఈసారి అద్దం దగ్గర మార్సెల్ మూర్ ఉన్నారు. మూర్ అద్దంకేసి వాలి, అద్దంలోంచి కెమెరాను చూస్తున్నారు. కెమెరా వెనక ఎవరున్నారో ఊహించడం కష్టం కాదు. క్లోద్ ఫొటో పుస్తకాల అట్టల మీదికీ, పోస్టర్ల మీదికీ ఎక్కింది. జత ఫొటో చాలామంది చూసి ఉండరు. ఈ వ్యాసంతో రెండు ఫొటోలూ ఒకే పేజీలో, పక్కపక్కనే వెయ్యమని సంపాదకుల్ని అడిగాను. కింద ఒక్క వాక్యం చాలన్నాను: ‘సుమారు 1928లో, ఒకే అద్దం దగ్గర తీశారు.’